డాన్స్ రానివాళ్ల డాన్స్

మీకు డాన్స్ రాదు. ముందే ఒప్పేసుకుందాం. ఈ అధ్యాయం పూర్తిచేశాక కూడా రాదు. కానీ ఇంట్లో నలుగురూ చేరి పాట పెట్టినప్పుడు ‘‘నాకు రాదులే, మీరు కానివ్వండి’’ అంటూ గోడకు ఆనుకుని నిలబడే అలవాటు మాత్రం పోతుంది. నేను హామీ ఇస్తున్నది అంతవరకే. ఆ పనికి మనం వాడుకోబోయేది వీడియో గేమ్.

ఆ మాట వినగానే నలభై దాటినవాళ్లు పేజీ తిప్పేయబోతారని తెలుసు. కాస్త ఆగండి, ఇది మీకోసమే రాస్తున్నాను. చిన్నపిల్లలకు దీని అవసరం లేదు. పాట వినబడితే చాలు, వాళ్ల ఒళ్లు నిలవదు. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఎవరో నవ్వుతారు, లేదా నవ్వుతారేమోనని మనమే అనుకుంటాం. అంతటితో సరి. ఆ తర్వాత పెళ్లిళ్లలో మన పని వీడియోలు తీయడం, చప్పట్లు కొట్టడం, ప్లేటు పట్టుకుని ఓ మూల నిలబడటం.

నిజానికి మన ఊళ్లలో గుంపుగా ఆడటం కొత్త సంగతి కాదు. బతుకమ్మ దగ్గర ‘‘నాకు స్టెప్పులు రావు’’ అని తప్పుకున్న ఆడమనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కోలాటంలోనూ అంతే. వేయాల్సిన అడుగు ముందే ఖాయమై ఉంటుంది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ ఉండదు. గుండ్రంగా తిరుగుతుంటారు కాబట్టి చూసేవాళ్ల కళ్లు ఒక్కరి మీదే నిలవవు. తప్పు పడితే ఎదుటి కోల మీ కోలకు తగలదు. టక్కుమనాల్సిన చోట చప్పుడుండదు, అంతే. తర్వాతి దరువుకు మీరే సర్దుకుంటారు. ఎవరూ ఏమీ అనరు, అనే తీరికా ఎవరికీ ఉండదు.

సంగీత్ స్టేజి మీద వ్యవహారం వేరు. అక్కడ నెలరోజుల ముందే కొరియోగ్రాఫర్‌ను పెట్టుకుంటున్నారు. ఎదురుగా కుర్చీలు, పైన డ్రోన్, మర్నాటికి వాట్సాప్ స్టేటస్. ఆడటం అనేది చూసేవాళ్ల కోసం చేసే పని అయిపోయింది. ఇక రానివాళ్లు ఎందుకు లేస్తారు? వాళ్లను పట్టుకుని ‘‘సిగ్గెందుకు, రా అన్నయ్యా’’ అని చెయ్యి లాగితే సిగ్గు తగ్గదు, రెట్టింపవుతుంది. చెయ్యి పట్టి లాగడం మన ఇళ్లలో ప్రేమకు గుర్తే కావచ్చు, ఈ విషయంలో మాత్రం మహా చెడ్డ పద్ధతి. సిగ్గుపడే మనిషికి కావలసింది ఒక నెపం. ‘‘నేను డాన్స్ చెయ్యడం లేదండీ, పాయింట్లు కొడుతున్నా’’ అని చెప్పుకోవడానికి వీలుంటే ఎంతటివాడైనా లేస్తాడు. డాన్స్ గేములు పాతికేళ్లకు పైగా ప్రపంచమంతటా అమ్ముతున్నది ఈ నెపాన్నే.

యంత్రం చూసేది ఒక్కదాన్నే

జపాన్ కంపెనీ కొనామీ 1998లో ‘డాన్స్ డాన్స్ రివల్యూషన్’ అనే యంత్రాన్ని గేమ్ సెంటర్లలో పెట్టింది. నిలబడటానికి ఒక వేదిక, దాని మీద నాలుగు బాణం గుర్తులు: ముందుకు, వెనక్కు, కుడికి, ఎడమకి. వెనకాల పట్టుకోవడానికి ఓ ఇనుప కడ్డీ. తెర మీద బాణాలు పైకి పాకుతూ వస్తాయి. అవి పైనున్న గీతను చేరే క్షణానికి, పాట దరువులో, ఆ గుర్తు మీద కాలు వేయాలి. ఏడాది తిరిగేసరికి కొరియా నుంచి ‘పంప్ ఇట్ అప్’ వచ్చింది. దానికి ఐదు గుర్తులు: నాలుగు మూలలు, ఒక నడిమధ్య. మన నగరాల్లోనూ మాల్స్ గేమ్ జోన్‌లలో ఇలాంటి యంత్రాలు కనిపిస్తాయి. సాయంత్రంపూట కాలేజీ కుర్రాళ్లు ఎక్కుతుంటారు, నాన్నలు పక్కన బ్యాగులు కాస్తుంటారు.

ఈ యంత్రానికి తెలిసేది పాదం ఒక్కటే. నడుము వంగిందా, చేతులు ఊగాయా, ముఖంలో నవ్వుందా అన్న సంగతి దానికి పట్టదు. అందుకే దాని అభిమానులు రెండు దారులుగా చీలిపోయారు. ఒకళ్లు వెనక కడ్డీని గట్టిగా పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి, పాదాలు మాత్రం మెరుపులా ఆడిస్తూ మార్కులు దండుకుంటారు. ఇంకో రకం వాళ్లు బాణాల వరుసను కంఠతా పట్టేసి, తెరకు వీపు తిప్పి, చుట్టూ చేరినవాళ్ల వైపు చూస్తూ ఆడతారు. యంత్రం అడిగింది పాదాలతో ఇచ్చేసి మిగతా ఒళ్లంతా తమ ఇష్టానికి వదిలేస్తారు. ఈ రెండోరకం వాళ్లను గుర్తుపెట్టుకోండి. మనం చేరాల్సింది వాళ్ల దగ్గరికి.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పిల్లల్లో ఊబకాయం చూసి భయపడి, తన 765 ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఈ ఆటను వ్యాయామం పీరియడ్‌లో పెడతామని 2006లో ప్రకటించింది. బంతాటలో ఎవరూ తమ జట్టులోకి తీసుకోని పిల్లలు దీనికి ఎందుకు ముందుకొస్తారో తేలిగ్గానే అర్థమవుతుంది. ఇక్కడ జట్టు లేదు, ఎంపిక లేదు.

ఆ తర్వాతది మనకు ఇంకా పనికొచ్చేది. ఫ్రెంచి కంపెనీ యుబిసాఫ్ట్ 2009లో నింటెండో వారి గేమ్ యంత్రం ‘వీ’ కోసం ‘జస్ట్ డాన్స్’ను విడుదల చేసింది. తెర మీద ముఖం గీతలు సరిగా కనబడని ఒక రంగుల మనిషి ఆడుతుంటాడు. మీరు చేతిలో రిమోట్ పట్టుకుని వాడిని అనుకరించాలి. సమీక్షకులు ఈ ఆటను చీల్చి చెండాడారు. ఈ ఆట వాడుకునేది రిమోట్‌లో కదలికను పట్టే చిన్న సెన్సర్‌ను ఒక్కదాన్నే. అది ఒక్క చేతినే, అదీ ఉజ్జాయింపుగా చూస్తుంది. సోఫాలో కూర్చుని చెయ్యి ఊపినా మార్కులు పడతాయి. ఇదేం డాన్స్ గేమ్ అన్నారు. జనం మాత్రం ఎగబడి కొన్నారు. అప్పటినుంచీ ఏటా కొత్తది వస్తూనే ఉంది. నా దృష్టిలో సమీక్షకులు లోపమన్నదే దాని బలం. మీరు మీ కాళ్లను గురించి కంగారు పడక్కర్లేదు, వాటిని ఎవరూ చూడటం లేదు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినది మైక్రోసాఫ్ట్ కెమెరా పరికరం ‘కినెక్ట్’. 2010 నవంబరులో వచ్చింది, తొలి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడుపోయి గిన్నిస్ బుక్కెక్కింది. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు. కంటికి కనబడని పరారుణ చుక్కలను గదంతా చల్లి, అవి పడిన తీరును బట్టి మనిషి భుజం ఎక్కడుంది, మోకాలు ఎక్కడుంది అని లెక్కకడుతుంది. దానితోపాటే హార్మోనిక్స్ కంపెనీ ‘డాన్స్ సెంట్రల్’ను తెచ్చింది. అందులో మీ ఎడమ చెయ్యి తప్పితే తెరమీది బొమ్మ ఎడమ చెయ్యి ఎర్రబడుతుంది. స్టెప్పును ముక్కలు చేసి నిదానంగా నేర్పించే పద్ధతి కూడా ఉంది. గురువుగా దానికి వంక పెట్టలేం. అయితే పదిమంది చేరిన హాల్లో గురువు అవసరం లేదు. చెయ్యి ఎర్రబడగానే కొత్తగా లేచిన మనిషి మళ్లీ కూర్చుంటాడు. కినెక్ట్ తయారీని 2017లో ఆపేశారు. ‘జస్ట్ డాన్స్’ మాత్రం ఆ పాత వీ మీద 2019 దాకా వస్తూనే ఉంది, వీ పుట్టి అప్పటికి పదమూడేళ్లు. తక్కువ చూసే యంత్రమే ఎక్కువ కాలం బతికింది.

ఇప్పుడు రిమోట్ కూడా అక్కర్లేదు. 2014లో వచ్చిన ‘జస్ట్ డాన్స్ నౌ’లో తెరగా ల్యాప్‌టాపో టీవీయో పెట్టుకుని, రిమోట్ బదులు చేతిలో ఫోన్ పట్టుకుంటే చాలు. ఫోన్‌లో ఉన్న సెన్సరే మీ చెయ్యి కదలికను చెబుతుంది.

పెద్దనాన్న మూడో పాటకు లేచాడు

దసరా సెలవుల్లో కూకట్‌పల్లిలో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో చూసిన సంగతి చెబుతాను. భోజనాలయ్యాయి. పిల్లలు టీవీకి గేమ్ తగిలించి ఎగురుతున్నారు. ఆ ఇంటి పెద్దనాన్న బ్యాంకులో రిటైరైన మనిషి, సోఫా మూల పేపరు తిరగేస్తున్నాడు. తమ్ముడి కూతురు, డిగ్రీ చదివే పిల్ల, ఆయన దగ్గరికెళ్లి చెయ్యి లాగలేదు. ఫోన్ ఇచ్చింది.

‘‘పెద్దనాన్నా, నువ్వు లేవక్కర్లేదు. వాడి చేతికి గ్లవ్ ఉంది చూడు, అది ఎటు కదిలితే ఈ ఫోన్ అటు కదుపు. అంతే.’’

‘‘జారిపడితేనో?’’

‘‘పడితే పడనీ, నాది పాత ఫోనే.’’

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. మొదటి పాటకు కుడిచెయ్యి మాత్రం కదిలింది, అదీ కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యి చూపించినంత బిగుసుగా. ఎడమచెయ్యి లుంగీ అంచు పట్టుకునే ఉంది. తెర మీద ఆయన పేరు కింద మొదట ‘ఓకే’ అని పడింది, ఆ తర్వాత ‘గుడ్’. పాట సగానికి ఒకసారి ‘పర్ఫెక్ట్’ అని పడేసరికి ఆయన భుజం కొంచెం వదులైంది. గది మధ్యలో చెమటలు కక్కుతూ ఎగిరిన మనవడికంటే ఆయనకే ఎక్కువ మార్కులొచ్చాయి. వాడు లబోదిబోమన్నాడు. ‘‘తాతయ్య కూర్చుని ఆడాడు, ఇది చీటింగ్!’’ ‘‘రూల్సులో కూర్చోకూడదని ఎక్కడుందిరా?’’ అన్నాడాయన, బ్యాంకు సర్క్యులర్ చూపించినట్టు.

రెండో పాటకు సోఫా అంచుకొచ్చాడు. మూడో పాటకు లేచాడు, చెప్పులు విడిచి. లేవమని ఎవరూ అనలేదు. నాలుగోది మొదలవబోతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్దమ్మ ‘‘చాల్లెండి, మోకాలు’’ అంది. ‘‘ఇదొక్కటీ’’ అన్నాడు.

ఆ పిల్ల చేసినది గమనించండి. డాన్స్ అన్న మాట ఎత్తలేదు. లేవమనలేదు. చేతిలో ఒక వస్తువు పెట్టి, చెయ్యాల్సిన ఒకే ఒక్క పని చెప్పింది. ఫోన్ పోతుందన్న భయాన్ని ముందే తీసేసింది. మీ ఇంట్లో ఎవరినైనా లేపాలనుకుంటే ఇంతకుమించిన శిక్షణ అక్కర్లేదు. లేవాల్సింది మీరే అయితే, మీకు మీరే ఆ పిల్లలా మాట్లాడుకోండి: చెయ్యి ఒక్కటే, మిగతాది తర్వాత.

ఇంట్లో ఏర్పాట్లు

ముందు టీపాయ్ తీసేయండి. గోడవారకు జరపడం కాదు, వేరే గదిలో పెట్టండి. ఒక్కొక్కరికి చేతులు బార్లా చాపుకుని చుట్టూ తిరిగేంత చోటు కావాలి. మామూలు ఫ్లాట్ హాల్లో ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. ఆరుగురిని దూరిస్తే ఎవరి మోచెయ్యో ఎవరి ముక్కుకో తగులుతుంది, ఆ సాయంత్రం ఐసుగడ్డలతో ముగుస్తుంది. మన ఇళ్లలో టైల్స్, మార్బుల్ కాబట్టి సాక్సులతో అసలు ఆడకండి. ఒట్టి కాళ్లే మేలు. డోర్‌మ్యాట్లు, చాపలు తీసేయండి. పొడుగ్గా ఉన్నవాళ్లను సీలింగ్ ఫ్యాన్ కింద నిలబెట్టకండి. నవ్వులాటకు చెప్పడం లేదు, చేతిలో ఫోన్ ఉన్నప్పుడు చెయ్యి మామూలుకంటే జానెడు పొడవవుతుంది.

రిమోట్ అయితే దాని పట్టీని మణికట్టుకు బిగించాలి. 2006లో వీ వచ్చిన కొత్తలో పట్టీలు తెగి రిమోట్లు టీవీల మీదికి ఎగిరితే, నింటెండో సుమారు 32 లక్షల పట్టీలను గట్టివాటితో మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఫోన్‌కు పట్టీ ఉండదు. చెమట చేతులను తుడుచుకోవడానికి ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి. కొత్తగా కొన్న ఖరీదైన ఫోన్‌తో ఆడకండి, మనసంతా దాని మీదే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువమందిని నిరుత్సాహపరిచేది ఒకటుంది, అది వాళ్లకు తెలియను కూడా తెలియదు. బ్లూటూత్ స్పీకర్. దానిలోంచి పాట ఒక రవ్వంత ఆలస్యంగా వస్తుంది. సినిమా పాటలు వినేటప్పుడు ఆ తేడా తెలియదు. గేమ్‌లో మాత్రం తెరమీది బొమ్మ ముందు, దరువు వెనక. దరువును నమ్మి ఆడినవాడికి మార్కులు పడవు. ‘‘నాకు తాళజ్ఞానం లేదు’’ అని కూర్చుంటాడు పాపం. తప్పు స్పీకర్‌ది. టీవీ సొంత స్పీకర్‌తో ఆడండి, లేదా వైరుతో తగిలించండి. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ అని ఉంటే అది పెట్టండి, బొమ్మ ఆలస్యం కూడా తగ్గుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు కింది ఫ్లాట్‌వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. గెంతులున్న పాటలు తొమ్మిదిలోపు కానిచ్చేయండి. అంతకంటే మంచిది, వాళ్లనే పిలిచేయడం.

పాటల వరుస గురించి చాలామంది ఆలోచించరు. అందరికీ తెలిసిన, నిదానమైన పాటతో మొదలుపెట్టాలి. బాగా ఆడేవాళ్లు ముందు ఆడకూడదు. ఇది కచ్చితంగా పాటించండి. ఇంట్లో ఒక డాన్స్ పిల్లో పిల్లాడో ఉంటారు, వాళ్లు మొదట ఆడి దుమ్ము రేపితే ఆ తర్వాత ఎవరూ లేవరు. వాళ్లకు ముందే చెవిలో చెప్పి మూడో వంతుకు ఉంచండి. అసలు మొదటి వంతు ఇంటి యజమానే తీసుకోవాలి, అదీ కాస్త చెడగొట్టి ఆడాలి. అతిథుల భయం సగం అక్కడే పోతుంది.

ఇంకొకటి, వీడియోలు తీయొద్దు. మొదలుపెట్టకముందే నవ్వుతూనే గట్టిగా చెప్పేయండి, ఫోన్లు గేమ్‌కే అని. మొదటిసారి లేచిన మేనత్త వీడియో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లిందంటే ఆవిడ రెండోసారి లేవదు. అమెరికాలో మనవాళ్లు బేస్‌మెంట్లలో పార్టీలు చేసుకునేటప్పుడు కూడా ఇదే గొడవ. అక్కడ ఆడినది తెల్లారేసరికి గుంటూరులో అత్తగారు చూసేస్తారు.

మార్కుల దగ్గరకొద్దాం. మొదటి రెండు మూడు పాటలకు అవి కావాలి, నెపం నిలబడేది వాటి మీదే. ఆ తర్వాత అవే అడ్డమవుతాయి. ఇంట్లో ఎవరో ఒకరు లెక్కలు మొదలుపెడతారు, ‘‘నాది పన్నెండు వేలు, నీది తొమ్మిదే’’ అని. కొంతమందికి ఆ పట్టుదల బాగానే ఉంటుంది, కొంతమంది మొహం ముడుచుకుంటారు. జంటలుగా విడగొట్టి ఇద్దరి మార్కులూ కలపండి. ఒక పెద్ద, ఒక చిన్న. పోటీ ఉంటుంది, ఒక్కరి మీదే భారం పడదు.

మోకాళ్ల నొప్పులవాళ్లు కూర్చునే ఆడొచ్చు, పైన చూశారుగా. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగి ఆడండి. తిన్న వెంటనే వద్దు.

తెర మీంచి కళ్లు తిప్పండి

ఇక్కడితో ఆగిపోతే ఈ ఆటలకు ఒక పెద్ద లోటు ఉండిపోతుంది. పక్కపక్కనే నిలబడి ఆడిన ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పాట నడిచినంతసేపూ ఇద్దరి కళ్లూ టీవీలోనే. కోలాటంలో ఎదుటి మనిషిని చూడకుండా ఒక్క దరువు కూడా సాగదు, ఇక్కడేమో చూస్తే మార్కులు పోతాయి.

ఈ లోటును ఆటలు తయారుచేసేవాళ్లు కూడా గమనించారు. న్యూయార్క్ యూనివర్సిటీలో కేథరిన్ ఇస్బిస్టర్ బృందం ‘యామూవ్’ అనే ఆట చేసింది. జంటకూ జంటకూ పోటీ. ఆటగాళ్ల మణికట్టుకు కదలికను పట్టే పరికరం కడతారు. ఫలానా స్టెప్పు వేయాలని ఎక్కడా చూపించరు. ఏమైనా ఆడండి, ఇద్దరూ ఒకేలా ఆడారా లేదా అన్నదాన్నే యంత్రం ముఖ్యంగా లెక్కకడుతుంది. తెరలో చూసుకుంటూ ఆడితే ఒకరినొకరు పట్టించుకోవడం లేదని గుర్తించి, తెర పెత్తనాన్ని తగ్గించారు, మైకు పట్టుకుని ఉత్సాహపరిచే మనిషిని పెట్టారు. నెదర్లాండ్స్‌లో ‘గేమ్ ఓవెన్’ అనే చిన్న సంస్థ డచ్ నేషనల్ బ్యాలేతో కలిసి 2014లో ‘బౌండెన్’ చేసింది. ఒకే ఫోన్‌కు రెండు చివర్లా ఇద్దరు బొటనవేళ్లు ఆనించి, తెర మీది గోళాన్ని వలయాల్లోంచి తిప్పాలి. అలా తిప్పాలంటే ఒకరి చెయ్యి కింద నుంచి ఒకరు దూరక తప్పదు, గుండ్రంగా తిరగక తప్పదు. బ్యాలేలో ఓనమాలు తెలియని ఇద్దరు పక్కవాళ్లకు బ్యాలే ఆడుతున్నట్టే కనిపిస్తారు.

నాకు మరీ నచ్చినది డెన్మార్క్‌లో డగ్లస్ విల్సన్ రూపొందించిన ‘జోహాన్ సెబాస్టియన్ జౌస్ట్’. దీనికి తెరే లేదు. తలా ఒక ప్లేస్టేషన్ మూవ్ కంట్రోలర్, దాని కొసన వెలిగే బంతి. బాఖ్ సంగీతం వినిపిస్తుంటుంది. అది నిదానంగా నడుస్తున్నప్పుడు మీ చెయ్యి ఏ కొంచెం కుదిపినా బంతి ఆరిపోతుంది, మీరు ఔట్. సంగీతం వేగం పుంజుకుంటే ఆ కాసేపు మీరూ వేగంగా కదలొచ్చు. మీ బంతిని కాపాడుకుంటూ ఎదుటివాడి చెయ్యి కుదిపేలా చూడాలి. బయటినుంచి చూసేవాళ్లకు అదంతా నిదానంగా సాగే నాట్యంలా ఉంటుంది. డాన్స్ చెయ్యమని అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఈ పరికరాలేవీ మీ దగ్గర లేకపోయినా నష్టం లేదు. స్కూల్లో ఆడిన నిమ్మకాయ-చెంచా పోటీ గుర్తుందిగా? తలా ఒక చెంచా, ఒక నిమ్మకాయ. నోట్లో కాదు, చేత్తో పట్టుకోవాలి. ఒకరు ఫోన్ దగ్గర కూర్చుని యూట్యూబ్‌లో పాట పెట్టి, దాని వేగాన్ని మార్చే మీట చేతిలో ఉంచుకుంటారు. వేగం సగానికి తగ్గిస్తే అందరూ ఆ నడకలోనే కదలాలి, తొందరపడి అడుగేసినవాళ్లు ఔట్. వేగం పెంచితే ఖాళీ చేత్తో ఎదుటివాళ్ల చెంచాను తాకొచ్చు. తోయకూడదు. నిమ్మకాయ పడితే ఔట్. చివరికి మిగిలిన ఇద్దరినీ చూడండి. పాట పూర్తి నిదానంలో ఉన్నప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ, మోకాళ్లు కొంచెం వంచి, చుట్టూ తిరుగుతుంటారు. అందులో ఒకరు ఇందాక గోడకు ఆనుకుని నిలబడిన మనిషే అయి ఉంటారు.

బౌండెన్ బదులు సన్నని పుస్తకం ఒకటి తీసుకోండి. ఇద్దరూ చెరో అరచెయ్యీ ఆనించి దాన్ని మధ్యలో నిలపాలి, పట్టుకోకూడదు. పాట అయ్యేదాకా పడకుండా తిరగాలి. కొత్త దంపతులకు సంకోచంగా ఉంటే తండ్రీకూతుళ్లతో మొదలుపెట్టించండి. యామూవ్‌కైతే ఒక్క తీర్పరి చాలు. రెండు జంటలు ఆడతాయి, ఏ జంట ఎక్కువ ఒకేలా కదిలిందో చెప్పడం ఆయన పని. అమ్మమ్మకు ఇవ్వండి ఆ పదవి.

ఒకేలా కదలడం దగ్గర ఏదో జరుగుతుంది, అది ఉత్త భావుకత కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాన్విన్ టార్, ఆమె సహచరులు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివాళ్లకు హెడ్‌ఫోన్లు పెట్టి ఆడించారు. కొన్ని గుంపుల్లో అందరికీ ఒకే పాట, ఒకే స్టెప్పు. మిగతా గుంపుల్లో పాటలో స్టెప్పులో వేరువేరు. ఆటకు ముందూ తర్వాతా బీపీ చూసే పట్టీని చేతికి బిగించి నొప్పిని ఎంతవరకు ఓర్చుకోగలరో కొలిచారు. కలిసి ఒకేలా ఆడినవాళ్ల ఓర్పు పెరిగింది, ఆ గుంపులోవాళ్ల మీద దగ్గరితనం కూడా. ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చిన 2023లో ఊరూరా జనం భుజం మీద చెయ్యేసుకుని ఆ అడుగు వేసి చూశారంటే కారణం ఆ స్టెప్పు తేలికని కాదు. అది చాలా కష్టమైన స్టెప్పు. ఇద్దరు ఒకే క్షణంలో కాలు వేయడంలో ఉన్న సుఖం అలాంటిది.

ఒంటరిగా ఉండేవాళ్లకు ఒక మాట. హాస్టల్ గదిలోనో, దుబాయ్‌లో షేరింగ్ రూములోనో ఉన్నవాళ్లు తలుపేసుకుని ఒక్కళ్లే ఆడితే ఒంటికి మంచిదే, చెమట పడుతుంది. రోజుకు రెండు పాటలు పెట్టుకోండి. మొదటిది మార్కుల కోసం, రెండోది తెరకు వీపు తిప్పి. రెండోదానికి సున్నా వచ్చినా పరవాలేదు. కెమెరాతో చూసే గేమ్ అయితే ఆట అయ్యాక దాన్ని కప్పేయండి లేదా వైరు తీసేయండి. తర్వాత వీలైనంత త్వరగా రూమ్మేట్‌ను పిలవండి. ఈ ఆటల్లో అసలు విషయం రెండో మనిషితోనే మొదలవుతుంది.

రాబోయే ఆదివారం మీ ఇంటికి ఎవరైనా వస్తుంటే వాళ్లకు ముందుగా ఏమీ చెప్పకండి. టీపాయ్ లోపల పెట్టేయండి, నాలుగు నిమ్మకాయలు దగ్గర ఉంచుకోండి, మొదటి వంతు మీరే తీసుకోండి.